ఇరవైనాలుగో పోర్టు మీద బొట్టు

మా వైపు ఊళ్ళలో భానుమూర్తి గారి పేరెత్తితే ఇప్పుడు ఒకటే మాట వినపడుతుంది: పిల్లల పరీక్ష పాడుచేసిన మనిషి. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మామూలుగా నాకు నోరెక్కువని కాలేజీలో పేరు. ఆ ఒక్క విషయం దగ్గర మాత్రం చాలాకాలం నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

టెక్కలి నుంచి పలాస పోయే దారిలో, జీడితోటలు మొదలయ్యే చోట మా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. నా పేరు దేవి. అక్కడ కంప్యూటర్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని, ఊరు వజ్రపుకొత్తూరు పక్కన. భానుమూర్తి గారు కాలేజీ నెట్‌వర్క్ అంతా చూసుకునేవారు. నేను తొమ్మిదేళ్ళు ఆయన చేతికింద పనిచేశాను. ఆయన తండ్రి టెక్కలిలో ఒక చిన్న గుళ్ళో అర్చకులు. ఈయన కాలేజీ పెట్టిన కొత్తలో టైపిస్టుగా చేరి, కంప్యూటర్లతోపాటు అట్టపెట్టెల్లో వచ్చే పుస్తకాలు చదివి పని నేర్చుకున్నారు. ఒక్క డిప్లొమా కూడా లేదు. డిగ్రీలున్న లెక్చరర్లు మాత్రం తెర ఆగిపోతే ఆయన కోసమే పరుగెత్తుకొచ్చేవారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక మార్కరు పెన్ను. కనపడ్డ ప్రతి కేబులుకీ చీటీ కట్టి తెలుగులో పేరు రాసేవారు. "ప్రిన్సిపాల్ గది. లాగొద్దు." "లైబ్రరీ. లాగితే చెప్పి లాగు." ఆ చీటీలు చూసి నేను ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవారు. పని విషయంలో మాత్రం ప్రాణం తీసేవారు. చెప్పిందే చెప్పి, మళ్ళీ చెప్పి, అర్థమైందా అని అడిగి, అర్థమైందన్నా మరోసారి చెప్పేవారు.

ఆయనకు ప్రాణంతో సమానమైన పని ఒకటుంది. మెయిన్ బ్లాకులో సర్వర్ గది, వంద అడుగుల అవతల ల్యాబ్ బ్లాకు. రెండింటినీ కలిపేది స్విచ్. గోడకుండే స్విచ్ కాదు. ఇరవైనాలుగు పోర్టులున్న ఇనప పెట్టె. ఒక్కో పోర్టులో ఒక్కో కేబులు దూరుతుంది, ఆ కేబుళ్ళ మీదుగానే కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ప్రతి పోర్టు పైనా చిన్న పచ్చ దీపం ఉంటుంది. వెలిగితే కేబులు బతికున్నట్టు.

మొదట్లో ల్యాబ్ బ్లాకుకి ఒకటే కేబులు ఉండేది. ఆన్‌లైన్ పరీక్షల సెంటరు మా కాలేజీకి వచ్చాక ఆయన రెండోది కావాలని పట్టుపట్టారు. ఇరవైమూడు, ఇరవైనాలుగు పోర్టులు రెండింటినీ కలిపి ఒకే దారిగా కట్టేస్తానన్నారు. యాజమాన్యం రెండేళ్ళు నానబెట్టి చివరికి ఒప్పుకుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండో కేబులు కూడా భూమిలో ఉన్న పాత గొట్టంలోంచే తోసేస్తానన్నాడు. భానుమూర్తి గారికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"రెండూ ఒకే గొట్టంలో పోతే, గొట్టానికి ఏదైనా అయిన రోజున రెండూ పోతాయి. ఆ మాత్రానికి రెండోది ఎందుకయ్యా?" అని కేకలేశారు. ఆఖరికి తనే పంచె బిగించి మేడ ఎక్కి, రెండో కేబులు కప్పు మీదుగా వేసుకుని ఇరవైనాలుగో పోర్టులో పెట్టారు. ఏభై దాటిన మనిషి ఎండలో పిట్టగోడ మీద కూర్చుని క్లిప్పులు కొడుతుంటే కిందనుంచి నేను అరుస్తూనే ఉన్నాను.

పని పూర్తయ్యాక నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "మామూలు రోజుల్లో రెండూ కలిసి బరువు మోస్తాయమ్మా. దారి రెండింతలు. ఒకటి తెగితే రెండోది ఒక్కటే మొత్తం మోస్తుంది. ల్యాబ్‌లో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు."

"మంచిదే కదా సార్!"

"మంచిదే. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకటి పోయిన సంగతి మనకీ తెలియదు."

అందుకని ప్రతి సోమవారం పొద్దున్న, క్లాసులు మొదలుకాకముందు, ఒక కేబులు పీకి రెండోది పనిచేస్తోందా అని చూసేవారు. అది పెట్టి ఇది పీకేవారు. పెట్టేటప్పుడు పిన్ను టక్కుమనాలి. ఆ చప్పుడు రాకపోతే కేబులు లోపలికి వెళ్ళినట్టు కనపడుతుంది గానీ వెళ్ళదు. ఈ ముక్క నాకు కనీసం నలభైసార్లు చెప్పి ఉంటారు.

మొన్నటి దసరా సెలవులకు ముందురోజు గురువారం కాలేజీలో ఆయుధపూజ చేసుకున్నాం. బస్సులకీ, వర్క్‌షాపులో మిషన్లకీ, జెనరేటరుకీ, కంప్యూటర్లకీ అన్నిటికీ పసుపు కుంకుమలు. పూజ చేయించేది భానుమూర్తి గారే, పంతుళ్ళ ఇంటి మనిషి కదా. ఆయన ప్రిన్సిపాల్ గదిలో అందరినీ కూర్చోబెట్టి మంత్రాలు చదువుతుంటే, నేను తాళం తీసుకుని సర్వర్ గదికి వెళ్ళాను. స్విచ్ బిగించిన ర్యాక్, అదే తలుపున్న ఇనప బీరువా, నిండా దుమ్ము. పూజ చేసే వస్తువు మీద దుమ్ము ఉండకూడదని, అడ్డొచ్చిన కేబులు పీకి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టాను. టక్కుమందో లేదో వినలేదు. అవతల గంట వాయిస్తున్నారు. హారతికి వేళైపోతుందని తొందరపడ్డాను.

తర్వాత పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ఆయనకు ప్రాణమైన ఆ రెండు పోర్టులకీ అన్నిటికంటే పెద్ద బొట్లు పెట్టాను. బొటనవేలితో తడి కుంకుమ అద్ది, నిండుగా. ఆయన చూసి సంతోషిస్తారని. ఆ రెండు దీపాలూ బొట్ల కింద కనపడకుండా పోయాయన్న ధ్యాసే నాకు లేదు.

సెలవులయ్యాక సోమవారం కాలేజీ తెరిచారు. భానుమూర్తి గారు అలవాటుగా సర్వర్ గదికి వచ్చి, జేబురుమాలు తీసి బొట్టు తుడవబోయారు. నేను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను.

"సార్, పూజ సేసిన బొట్టు సెరపకూడదండి. దానంతట అదే రాలిపోవాల. మావాళ్ళు పడవకి పెట్టిన బొట్టు కూడా నీళ్ళకే వొదిలేత్తారు గానీ సేత్తో తుడవరు."

"దీపాలు కనపడటం లేదమ్మా. కేబులు పీకి చూడాలన్నా బొట్టు చెదిరిపోతుంది."

"ఒక్క వారం ఆగండి సార్. పెద్ద పరీక్ష ముందు అరిష్టం ఎందుకు?"

అర్చకుల ఇంట్లో పుట్టిన మనిషికి నేను శాస్త్రం చెప్పాను. ఆయన నా మొహం చూసి, రుమాలు జేబులో పెట్టుకున్నారు. "సరే, నీ మాట ఎందుకు కాదనాలి, వచ్చే సోమవారం చూద్దాం" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన పని విషయంలో నా మాట విన్నది అదొక్కసారే.

ఆ వచ్చే సోమవారానికి మా చేతుల్లో ఏమీ లేకుండా పోయింది. మంగళవారం పరీక్ష. పరీక్ష నడిపే ఏజెన్సీవాళ్ళు ఆదివారమే వచ్చి, అరవై కంప్యూటర్లూ నడిపి చూసుకుని, అన్నీ బాగున్నాయని ర్యాక్ తలుపుకి కాగితం సీలు అంటించి సంతకాలు చేసేశారు. నిజంగానే అన్నీ బాగా నడిచాయి. భూమిలో ఉన్న కేబులు ఒక్కటే అరవైమందినీ మోసింది.

అది గుమాస్తా ఉద్యోగాల పరీక్ష. రాసేవాళ్ళలో మా వీధి పిల్ల ప్రియ ఉంది. వాళ్ళమ్మ పోలమ్మ పిన్ని కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలో పప్పు ఒలుస్తుంది. ప్రియ రెండేళ్ళు ఇంట్లో కూర్చుని చదివింది. డిసెంబరు దాటితే వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరి పరీక్ష. ముందురోజు బస్సులో పోలమ్మ పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"సెంటరు నీ కాలేజీలోనే పడ్డాది దేవీ. ఇదొక్కటీ అయిపోతే నా గుంట ఆ జీడి జిగురు ముట్టకుండా బతికీసుద్ది. నువ్వు ఉంతావు కదేటి?"

"ఉంటాను పిన్నీ, ఏం భయం లేదు" అన్నాను.

మంగళవారం పొద్దున్న పదింటికి పరీక్ష మొదలైంది. మొత్తం తొంభై నిమిషాలు. పదీ ఇరవైకి వర్షం పట్టుకుంది. అక్టోబరులో మా వైపు వాన ఎలా కురుస్తుందో చెప్పక్కర్లేదు. పావుగంటలో ఆవరణ అంతా నీళ్ళు. ఆ నీళ్ళు భూమిలో గొట్టంలోకి దిగాయి, పాత అతుకు దగ్గర కేబులు చచ్చిపోయింది. ల్యాబ్‌లో అరవై తెరలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ప్రియ మూడో వరసలో ఉంది. మాట్లాడకూడదని చెప్పారు కాబట్టి నోరు విప్పలేదు, చెయ్యి మాత్రం ఎత్తి ఉంచింది. నేను గుమ్మం దాటేటప్పుడు కూడా ఆ చెయ్యి దిగలేదు.

నేను వానలో తడుస్తూ సర్వర్ గదికి పరుగెత్తాను. భానుమూర్తి గారు అప్పటికే ర్యాక్ ముందు నిలబడి ఉన్నారు. తలుపుకి సీలు. ఏజెన్సీ మనిషి సీలు ముట్టుకోవడానికి వీల్లేదంటాడు. హైదరాబాదు నుంచి అనుమతి రావాలట. ఫోను చేస్తే ఒకరు ఇంకొకరికి ఇస్తారు, ఆ ఇంకొకరు మీటింగులో ఉంటారు. భానుమూర్తి గారు మొదట నెమ్మదిగా చెప్పారు, తర్వాత అరిచారు, ఆఖరికి చేతులు జోడించారు. "బాబూ, పిల్లలు బాబూ" అన్నారు. అతనికీ ఉద్యోగ భయమే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అనుమతి వచ్చేసరికి యాభై నిమిషాలు గడిచాయి. సీలు చింపి తలుపు తీశారు. భానుమూర్తి గారు ఇరవైనాలుగో పోర్టు దగ్గర కేబులు మీద వేలు పెట్టి నొక్కారు.

టక్కుమంది.

కుంకుమ పొడిగా రాలి ఆయన చేతిమీద పడింది. దాని వెనక పచ్చ దీపం వెలిగింది. అంతే పని. అవతల అరవై తెరలూ లేచాయి. పరీక్ష గడియారం మాత్రం సర్వరులో ఆగకుండా నడుస్తూనే ఉంది. పిల్లలకి మిగిలింది మూడు నిమిషాలు.

ఆ చప్పుడు విన్నప్పుడే నాకు తెలిసిపోయింది. భానుమూర్తి గారు కుర్చీలో కూర్చుని, స్విచ్ తనలో తాను రాసుకునే చిట్టా తెరిచారు. ఏ కేబులు ఏ రోజు ఏ నిమిషంలో ఊడిందో దాంట్లో ఉంటుంది. ఎవరైనా తెరిచి చూస్తే. ఇరవైనాలుగో పోర్టు ఆగిపోయింది ఆయుధపూజ రోజు పదకొండూ ఇరవైకి. ఆ వేళకి ఆయన ప్రిన్సిపాల్ గదిలో పూజ చేయిస్తున్నారు, కాలేజీ అంతా ఆయన ఎదురుగా ఉంది. సర్వర్ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన ఆ వరస మీద వేలు ఉంచి, ఒకసారి నా వైపు చూసి, తెర ఆర్పేశారు.

"సార్, ఆరోజు నేను..." అన్నాను.

"ల్యాబ్‌లోకి వెళ్ళమ్మా. పిల్లలు ఏడుస్తుంటారు. దగ్గర ఎవరైనా ఉండాలి."

నేను వెళ్ళిపోయాను. ఆ ఒక్క అడుగు వెనక్కి వేసి ఉంటే ఎంత బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఉద్యోగం పోతుందని భయం వేసింది. అంతకుమించి గొప్ప కారణం ఏమీ లేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ గారి గదిలో రిపోర్టు రాశారు. నేను ఫైళ్ళు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. ఏజెన్సీ నిబంధన ఏమిటంటే, ఆటంకం పదిహేను నిమిషాలలోపు అయితే వచ్చిన మార్కులే ఖాయం. దాటితే పిల్లలకి మళ్ళీ పరీక్ష పెడతారు, తప్పు సెంటరుదైతే సెంటరు పోతుంది.

"పన్నెండు నిమిషాలని రాసేద్దాం మూర్తి గారూ" అన్నారు ప్రిన్సిపాల్. "వాన పడింది, ఎవరేం చేస్తాం? మీ సంతకం ఒక్కటే మిగిలింది."

ఏజెన్సీ మనిషి అప్పటికే సంతకం చేసేశాడు. భానుమూర్తి గారు కాగితం తీసుకుని, పన్నెండు కొట్టేసి యాభైరెండు అని రాశారు. కింద ఇంకో నాలుగు వాక్యాలు రాశారు. ల్యాబ్‌కి రెండు కేబుళ్ళు కలిపి ఉన్నాయని, వాటిలో ఒకటి పంతొమ్మిది రోజులుగా సరిగా తగులుకోలేదని, ప్రతి సోమవారం చేయవలసిన తనిఖీ తాను చేయలేదని, బాధ్యత పూర్తిగా తనదేనని. బొట్టు సంగతి రాయలేదు. నా పేరు లేదు.

"ఇది మీ ఉద్యోగానికి ఎసరు పెడుతుంది, తెలుసా?" అన్నారు ప్రిన్సిపాల్.

"తెలుసండి. అరవైమంది పిల్లలు కదండీ" అన్నారు ఆయన, పెన్ను మూత పెడుతూ.

వారం తిరక్కుండా ఆయన్ని పంపించేశారు. ఇరవైరెండేళ్ళు పనిచేసిన మనిషికి ఒక టీ కూడా పొయ్యలేదు. సెంటరు పోయిందన్న కోపంతో స్టాఫు చాలామంది మొహం చాటేశారు. ఆయన చీటీలు రాసే పెన్ను, పాత పుస్తకాలు సంచిలో వేసుకుని, తాళాలు నా బల్ల మీద పెట్టి, "జాగ్రత్తమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఆయన టెక్కలి బస్టాండు దగ్గర ఒక జెరాక్సు కొట్టులో కూర్చుని జనానికి దరఖాస్తులు నింపుతున్నారు. బస్సులోంచి రెండుసార్లు చూశాను. దిగి పలకరించలేకపోయాను. తలొంచుకున్నాను.

ఆయన రాసిన కాగితం వల్ల అరవైమందికీ విశాఖపట్నంలో మళ్ళీ పరీక్ష పెట్టారు. నలుగురికి ఉద్యోగాలు వచ్చాయి. ప్రియకి రాలేదు. డిసెంబరు దాటింది. జనవరి నుంచి ఆ పిల్ల కూడా తల్లితోపాటు బట్టీకి వస్తోంది.

పోయిన శనివారం సాయంత్రం కాశీబుగ్గలో మా ఊరి బస్సు ఎక్కితే, తల్లీకూతుళ్ళు నా ముందు సీట్లో ఉన్నారు. పోలమ్మ పిన్ని వెనక్కి తిరిగి పక్కకి జరిగి చోటిస్తే వాళ్ళ పక్కన కూర్చున్నాను. ప్రియ చేతివేళ్ళు జీడి జిగురుకి నల్లబడి, చర్మం ఊడి ఉన్నాయి. వాటిని ఒళ్ళో చున్నీ కింద పెట్టుకుంది.

"రెండోసారి పేపరు కట్టంగా ఉన్నాదా ప్రియా?" అని అడిగాను. ఇంతకాలం అడగలేక ఆరోజు అడిగాను.

"లేదక్కా. మొదటిసారి కంటే సులువే," అంది. "తెర ఎప్పుడాగిపోద్దో అని బయమేసీసి గబగబా నొక్కీసినాను. తెలిసినవే తప్పు పెట్టీసినాను."

పోలమ్మ పిన్నికి కోపం తన్నుకొచ్చింది. "అంతా ఆ పంతులు సేసినాడు. సేతకాని ముండాకొడుకు. ఇంతమంది గుంటల ఉసురు ఊరికే పోద్దేటి? అదే నీ సేతుల్లో ఉంటే ఇలగయ్యేదా దేవీ?"

బస్సు నిండా మావాళ్ళే. ఒకరిద్దరు అవునన్నట్టు తల ఊపారు. ఎలా వచ్చిందో తెలియదు, మాట బయటికి వచ్చేసింది.

"ఆయన తప్పు కాదు పిన్నీ. నాను సేసినాను. పూజకి తుడిసి కేబులు సరిగ్గా ఎట్టలేదు. బొట్టెట్టి దీపం మూసీసినాను. ఆయన సూత్తానంటే నానే వొద్దన్నాను."

పోలమ్మ పిన్ని నా మొహంలోకి చూసింది. తర్వాత నా తొడ మీద తట్టింది. "ఊరుకోలే. నీది మెత్తటి మనసు. గురువని ఆడిని ఎనకేసుకొస్తన్నావు. ఆడే కాయితం మీద నాదే తప్పని సంతకం ఎట్టినాడంట కదా, ఊరంతా తెలుసు."

"లేదు పిన్నీ, నిజం సెప్తన్నాను..."

"సాలు, సాలు. నువ్వలాటిదానివి కావని మాకు తెల్దేటి?" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఇంక నేనేం చెప్పినా ఆవిడ చెవికి ఎక్కదు. నమ్మనందుకు నాకు ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ప్రియ మాత్రం నన్నే చూస్తోంది.

"నీకెప్పుడు తెలిసినాది అక్కా?"

"ఆ రోజే."

"ఆ రోజు మేం ఏడుస్తుంటే మాకాడికి వొచ్చినావు. నా తల నిమిరినావు. వాన మన సేతిలో లేదు, ఎవుల్దీ తప్పు కాదు, ఏడవొద్దని సెప్పినావు."

అవును. చెప్పాను. ఆ మాటే చెప్పాను.

ప్రియ చున్నీ సర్దుకుని లేచి, ముందుకు వెళ్ళి, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది.

"మనూరు ఇంకా రాలేదు కదే, వొచ్చి కూకో" అని పోలమ్మ పిన్ని పిలిచింది. ప్రియ వెనక్కి తిరగలేదు. ఊరు వచ్చేదాకా, ఆ పచ్చి వేళ్ళతోనే కడ్డీ పట్టుకుని, నిలబడే ఉంది.